లేసు తిరగేసి చూసిన రోజు: సైప్రస్ కొండ ఊళ్లలో అమ్మతో

అమ్మ లిమసోల్ వచ్చి పన్నెండు రోజులైంది. బీచ్‌కి తీసుకెళ్తే "మన పేరుపాలెంలో లేనిది ఇక్కడేముందే" అంది. మాల్‌కి తీసుకెళ్తే ఏసీకి చలేస్తోందని బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. మిగతా రోజులన్నీ నేను ఆఫీసులో, తను బాల్కనీలో. కింద పార్కింగ్‌లో తిరిగే పిల్లుల్ని లెక్కపెట్టి, నేను సాయంత్రం ఇంటికి రాగానే ఈరోజు ఎన్ని వచ్చాయో హాజరు చెప్పేది. ఇలా అయితే లాభం లేదని మంగళవారం సెలవు పెట్టేశాను. కొండల మీద ఊళ్లు చూసొద్దాం పదమ్మా అన్నాను.

సైప్రస్‌లో కొండలంటే ట్రోడోస్. అందరూ వెళ్లేది పడమటి వైపు. ఒలింపస్ శిఖరం 1,952 మీటర్ల ఎత్తున ఉంటుంది, దాని కింద ప్లాత్రెస్, వైన్‌కి పేరుపడ్డ ఒమోదోస్. ఆఫీసువాళ్లతో నేను రెండుసార్లు అటే వెళ్లాను. ఈసారి తూర్పు వైపు పెట్టుకోవడానికి కారణం నా పక్క సీటు అమ్మాయి. రాజధాని నికోసియా పిల్ల. "మీ అమ్మ లేసు అల్లుతుందని చెప్పావు కదా, లెఫ్కారా చూపించకుండా ఎలా పంపిస్తావు?" అని ఎదురడిగింది. లెఫ్కారా అంటే లేసుకి పేరుపడ్డ కొండ ఊరు. ఇక్కడ రెండేళ్లుగా ఉంటున్న నాకు ఆ ముక్క తట్టనే లేదు.

మా అమ్మది నరసాపురం పక్క ఊరు. పదో ఏట సూది పట్టుకుంది, ముప్పై ఏళ్లకు పైగా లేసు అల్లింది. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లిన పువ్వులు పట్టుకెళ్తాడు, కూలి ఇస్తాడు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పారంటారు ఆ విద్యని. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు పనే అని చెప్పే గుర్తింపు, కూడా వచ్చింది. అమ్మ ఎడమచేతి చూపుడువేలు మీద, దారం చుట్టుకునే చోట, సన్నటి గాడి ఒకటి ఉంటుంది. చిన్నప్పుడు అందరి అమ్మలకీ అలాగే ఉంటుందనుకునేదాన్ని.

పొద్దున్నే ఏడింటికి పులిహోర, పెరుగన్నం డబ్బాలకెక్కాయి. మంగళవారం అమ్మ నీచు ముట్టదు. కొండల మీద హోటళ్లలో ఏం దొరుకుతుందో అని నాకూ కొంచెం భయమే. ఆవకాయ సీసా కూడా సంచిలో పెడుతుంటే వద్దన్నాను. హైదరాబాద్ నుంచి విమానంలో తెచ్చిన మనిషికి కారులో తేవడం ఒక లెక్కా? పెట్టేసింది.

కారు నాదే, జపాన్ నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ బండి. ఇక్కడ కూడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి. 1960 దాకా ఇంగ్లీషువాళ్లు పాలించిన దేశం మరి. అందుకే జపాన్ పాత కార్లు ఓడల కొద్దీ దిగుతాయి. స్టార్ట్ చేయగానే ఒక జపాన్ ఆడగొంతు ఏదో హెచ్చరిస్తుంది. ఏమంటుందో నాకు ఇప్పటికీ తెలీదు. అమ్మ మాత్రం ప్రతిసారీ "సరేనమ్మా" అని జవాబు చెబుతుంది.

బస్సులో వెళ్లొచ్చు కదా అనుకునేవాళ్లకు ఒక మాట. ఈ ఊళ్లకు బస్సులు లేకపోలేదు, రోజుకి ఒకటో రెండో. అవి మన రోజు ప్లాన్‌కి కుదరవు. ఒక ఊరు చూసి సాయంత్రం దాకా బస్‌స్టాప్‌లో కూర్చోవడానికి సిద్ధపడితే సరే. మూడు నాలుగు ఊళ్లు చూడాలంటే మాత్రం కారు ఉండాల్సిందే.

హైవే మీద నికోసియా వైపు వెళ్లి, స్కరినూ దగ్గర దిగి, కొండదారి పట్టాం. అప్పటిదాకా సాఫీగా ఉన్న అమ్మ మొదటి నాలుగు మలుపులకే డాష్‌బోర్డు పట్టుకుంది. నాకు ఇక్కడి లైసెన్స్ వచ్చి నాలుగు నెలలే. ఘాట్‌రోడ్డు మీద ఇదే మొదటిసారని తనకి చెప్పలేదు. నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుంది. లోపల నాకూ టెన్షన్‌గానే ఉంది. పక్కన రక్షణగోడ ఉన్నంతసేపూ ధైర్యం, అది లేనిచోట సెకండ్ గేరు. వెనకాల ఒక పికప్ బండి వచ్చింది. హారన్ కొట్టకుండా ఓపిగ్గా నా వెనకే పాకుతూ వచ్చింది. రోడ్డు వెడల్పయిన చోట పక్కకి తప్పుకుంటే చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. కొండ మీద డ్రైవింగ్ గురించి నేను నేర్చుకున్నది అంతే. వెనక వచ్చేవాడికి దారిచ్చేస్తే మన భయం సగం తగ్గుతుంది.

మలుపు తిరగగానే ఎదురుగా ఎర్ర పెంకుల కప్పులు, తెల్లరాతి గోడలు. "లెఫ్కో" అంటే గ్రీకులో తెలుపు. ఊరి పేరు అందులోంచే వచ్చిందంటారు. ఊరి మొదట్లోనే కారు ఆపి నడిచాం. లోపలి సందుల్లో కారు దూర్చే ధైర్యం ఎటూ నాకు లేదు. తొమ్మిదిన్నర అయింది. నీలం తలుపులు, ఆకుపచ్చ కిటికీరెక్కలు, గోడ మీంచి వీధిలోకి వంగిన దానిమ్మ కొమ్మలు. కాయలు ఎర్రగా పగిలి ఉన్నాయి, కోసేవాళ్లు లేరు. ఎక్కడో రేడియో మోగుతోంది. అది తప్ప మా చెప్పుల చప్పుడే. "ఊళ్లో మనుషులేరే?" అంది అమ్మ. సెప్టెంబర్ చివరి వారం, అందులోనూ పనిరోజు కాబట్టి అంత నిశ్శబ్దం. శని ఆదివారాల్లో నికోసియా నుంచి కుటుంబాలు భోజనాలకి దిగుతాయని, పార్కింగ్ కూడా దొరకదని నా కొలీగ్ ముందే చెప్పింది.

మొదటి దుకాణం ఆయన మమ్మల్ని చూడగానే లోపలికి పిలిచాడు. పెద్ద టేబుల్ గుడ్డ ఒకటి తీసి పరిచి, ఇది చేతిపని, మీకోసం తగ్గించి ఇస్తాను అన్నాడు. పైకి చూస్తే చాలా బాగుంది. నేను పర్సు మీద చెయ్యి కూడా వేశాను. అమ్మ గుడ్డ అంచు పట్టుకుని రెండు వేళ్లతో తిరగేసింది. వెనకాల వదులుగా వేలాడుతున్న పోగులు, అన్నీ ఒకే పొడవు. బొటనవేలితో ఓసారి రాసింది. మడత పాడవకుండా మళ్లీ పరిచి పెట్టి, ఆయనకి నమస్కారం పెట్టి బయటికి నడిచింది. వీధిలోకి వచ్చాక "మిషను పని" అంది. "చెయ్యి అలసిపోతుందే. అలసిపోయిన చోట కుట్టు కొంచెం బిగుస్తుందో, వదులవుతుందో. అందులో ఆ తేడా ఎక్కడా లేదు."

అసలు లెఫ్కారా లేసు ఏమిటో రెండు సందుల అవతల చూశాం. నిజానికి అది మన నరసాపురం లేసు లాంటిదే కాదు. మనది ఒక్క సూదీ దారమూ, గాల్లో అల్లుకుంటూ పోతాం. ఇక్కడ ముందు నార గుడ్డ ఉంటుంది. అందులో పోగుల్ని లెక్కపెట్టి, కొన్నిటిని కత్తిరించి లాగేస్తారు. మిగిలిన పోగుల్ని దారంతో చుట్టి, ఆ ఖాళీల్లో సూదితో బొమ్మ కడతారు. మధ్యలో మెలికలు తిరుగుతూ పోయే డిజైన్ ఒకటి ఉంటుంది, దానికి "పొతమోస్" అని పేరు. అంటే నది. అంచులకి మళ్లీ సూది అల్లిక. ముడి ఎక్కడా కనపడదు. ముందు ఎలా ఉందో వెనకా అలాగే ఉంటుంది. 1489 నుంచి 1571 దాకా ఈ ద్వీపాన్ని వెనిస్‌వాళ్లు ఏలారు. వాళ్ల పని ఛాయలు ఇందులో కలిశాయంటారు. 2009లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రతి దుకాణంలోనూ చెప్పే కథ ఇంకొకటుంది. 1481లో లియొనార్డో డావిన్సీ ఈ ఊరొచ్చి, మిలాన్ చర్చి కోసం ఒక లేసు గుడ్డ కొనుక్కెళ్లాడట. రుజువేమీ లేదు, ఊరివాళ్ల నమ్మకం. మూడో దుకాణంలో కూడా అదే కథ వినేసరికి అమ్మ అంది: "ఆయన ఎంతకి కొన్నాడో అడుగు."

చర్చి వైపు దిగుతుంటే ఒక గుమ్మం ముందు, నీడలో, పొట్టి కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నల్ల గౌను, తలకి నల్ల గుడ్డ. ఒళ్లో దిండు, దిండు మీద గుడ్డ. కుట్టడం లేదు, గుడ్డ మీద చెయ్యి వేసుకుని ఊరికే వీధి చూస్తోంది. పక్కన బక్కెట్లో బట్టలు పిండుతున్న అమ్మాయి నేపాల్ పిల్ల. ఈ దేశంలో ముసలివాళ్లున్న చాలా ఇళ్లలో వాళ్లని చూసుకునేది నేపాల్, శ్రీలంక, ఫిలిప్పీన్స్, మన దేశం నుంచి వచ్చిన ఆడవాళ్లే. అమ్మ చీర చూసి ఆ పిల్ల "ఇండియా?" అంది. అంతే, మాట కలిసింది.

ఆ అరగంట ఎలా సాగిందో చెప్పాలి. ముసలావిడకి గ్రీకు తప్ప రాదు. అమ్మకి తెలుగు తప్ప రాదు. నేపాల్ పిల్ల గ్రీకుని హిందీ చేస్తుంది, నేను హిందీని తెలుగు చేస్తాను, మళ్లీ వెనక్కి అదే దారి. ఒక్కో మాట చేరడానికి టీ చల్లారేంత సేపు. ఇక్కడ అవ్వని "యాయా" అంటారు. ఆ ఒక్క మాట అమ్మకి వెంటనే పట్టుబడింది.

"యాయా, ఎవరు నేర్పారు?" ఆవిడ తల్లీ, నాన్నమ్మే నేర్పారట, ఏడేళ్లప్పుడు. "మీ అమ్మాయిలు కుడతారా?" ముసలావిడ గడ్డం పైకెత్తి, కనుబొమలు లేపి, నాలుకతో చిన్నగా "త్చ్" అంది. అమ్మ వెంటనే "పాపం, ఎంత బాధపడుతోందో చూడు" అని ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. నేపాల్ పిల్ల నవ్వింది. బాధ కాదట, ఇక్కడ అలా అంటే "లేదు" అని అర్థమట. కూతుళ్లిద్దరూ నికోసియాలో ఉద్యోగాలు చేస్తున్నారు, సూది పట్టరు, అంతే సంగతి. మన "ప్చ్" వేరు, వాళ్ల "త్చ్" వేరు. ఆ తర్వాత రోజంతా అమ్మ నాకు అలాగే జవాబు చెప్పింది. నీళ్లు కావాలా? త్చ్.

అప్పుడు అమ్మ సంచిలోంచి చేతిగుడ్డ తీసింది. తను అల్లిందే, అంచు చుట్టూ చిన్న చిన్న పువ్వులు. యాయా దాన్ని అందుకుని, నేను అనుకున్నట్టే, మొట్టమొదట తిరగేసింది. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. చూపు ఆనక వేలితో ఒక్కో పువ్వూ తడుముతూ పోయింది. ఒకచోట ఆగి ఏదో అంది. నేపాల్ పిల్ల: "ఇక్కడ కొత్త దారం కలిపారు అంటోంది." అమ్మ ముఖం చూడాలి. ఆ అతుకు నాకైతే ఎంత వెతికినా కనపడలేదు.

తర్వాత ప్రశ్న యాయా నుంచి వచ్చింది. నీకు ఎంతిచ్చేవాళ్లు? ఇంటి పని చూసుకుంటూ రోజంతా అల్లితే ఎనభై తొంభై రూపాయలొచ్చేవని అమ్మ చెప్పింది. నేను యూరోల్లో లెక్కకట్టి "ఒక యూరో" అన్నాను. యాయా మళ్లీ అడిగించింది. సరిగ్గా విన్నానా అని. విన్నాక తన సంగతి చెప్పింది. తన చిన్నప్పుడు ఊళ్లో ఆడవాళ్లంతా కుట్టేవారు. మగవాళ్లు ఆ గుడ్డల్ని పెట్టెల్లో పెట్టుకుని యూరప్ ఊళ్లన్నీ తిరిగి అమ్మేవారు. వాళ్లకి "కెండిటారిస్" అని పేరు. నెలల తరబడి తిరిగొచ్చి పెద్ద ఇళ్లు కట్టారు. ఊళ్లో కనపడే రెండంతస్తుల రాతి ఇళ్లు చాలావరకూ లేసు మీదే లేచాయట. "ఇళ్లు మగవాళ్ల పేరు మీదేనా?" అని అడగమంది అమ్మ. ఈ ప్రశ్న నేపాల్ పిల్ల దాకా వెళ్లింది. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది, గ్రీకులోకి తిప్పలేదు.

లేస్తుంటే యాయా "కోపియాస్తే, కోపియాస్తే" అంటూ లోపలికి చెయ్యి చూపించింది. రండి, కూర్చోండి, తిందురుగాని అని పిలుపు. సైప్రస్‌లో ఇది ఉత్త మర్యాద మాట కాదు. ఒక చిన్న పళ్లెంలో నల్లగా మెరుస్తున్న కాయ పెట్టింది, పాకంలో నానిన పచ్చి వాల్‌నట్. పెంకు గట్టిపడకముందే కోసి, రోజుల తరబడి నీళ్లు మారుస్తూ చేదు తీసి చేసే మిఠాయి. అమ్మ కొరికి, "ఉసిరికాయ తేనెలో వేసినట్టుంది" అని, రెండోది తనే అడిగి పెట్టించుకుంది. బదులుగా ఆవకాయ సీసా మూత తీసింది. వద్దమ్మా అనేలోపే ఒక ముక్క పళ్లెంలో ఉంది. యాయా నాలిక చివర పెట్టి, కళ్లనీళ్లు పెట్టుకుని, నీళ్లు తాగి, నేపాల్ పిల్లకి మిగతాది ఇచ్చేసింది. ఆ పిల్ల సీసానే అడిగింది. సగం డబ్బాలో వేసిచ్చి వచ్చాం.

ఆవిడ ఒళ్లోని గుడ్డ కొందామనుకున్నాను. అది అమ్మకానికి కాదు, పదేళ్ల కిందట చూపు తగ్గినప్పుడు సగంలో ఆగిపోయిందట. మరో దుకాణంలో అరచేయంత ముక్క, కాఫీ కప్పు కింద పెట్టుకునేది, ముప్పై యూరోలకి కొన్నాం. అమ్మే ఎంచింది. దుకాణంలో ఉన్నవన్నీ తిరగేశాక.

లెఫ్కారా పక్కనే కాతో ద్రిస్. యూరో రాకముందు, అంటే 2008కి ముందు, సైప్రస్ ఒక పౌండు నోటు మీద ఉన్న ఊరు ఇదే. ఒక వీధి, రాతి ఇళ్లు, ఒక కాఫీ కొట్టు. పావుగంటలో అయిపోయింది. ఊరి చివర కేరబ్ చెట్లున్నాయి. కోత ఆగస్టు, సెప్టెంబర్‌ల్లోనే అయిపోతుంది. అందని కొమ్మల్లో మిగిలిన కాయలు నల్లగా ఎండి వేలాడుతున్నాయి. చింతకాయే అనుకుని అమ్మ ఒకటి తెంపి కొరికింది. పులుపుకి సిద్ధపడ్డ ముఖం తీపికి కాసేపు ఏం చేయాలో తెలీక అలాగే ఉండిపోయింది. బెల్లం, కొంచెం కోకో కలిపినట్టుంటుంది. ఒకప్పుడు ఈ కాయలు ఎగుమతి చేసి బతికారు కాబట్టి "నల్ల బంగారం" అనేవారు. నాలుగు కాయలు కొంగున కట్టింది.

ఇక్కడే తప్పు చేశాను. వెనక్కి లెఫ్కారా మీదుగా వెళ్తే మంచి రోడ్డు. ఫోన్‌లో మ్యాపు పన్నెండు నిమిషాలు ఆదా అవుతుందని ఇంకో గీత చూపించింది. ఆ గీత రెండు కిలోమీటర్ల తర్వాత మట్టి దారి అయింది. ఇంకాస్త పోయాక గులకరాళ్లు, పక్కన లోయ, కారు తిప్పడానికి చోటు లేదు. సిగ్నల్ పోయింది. జపాన్ ఆవిడ కూడా మాట్లాడటం మానేసింది. అమ్మ దిగి కారు వెనక నిలబడి "రా, రా, ఇంకా రా, ఆగు" అని చేతులూపుతూ, నన్ను రివర్స్‌లో ఓ అర కిలోమీటరు నడిపించింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, తలమీద ఎండ. పొలంలోంచి ట్రాక్టరు బయటికి తీయించడం అలవాటున్న మనిషి కాబట్టి బతికిపోయాం. నా చొక్కా వీపంతా తడిసిపోయింది. మ్యాపు గీతల్ని కాదు, రోడ్డు పక్క గోధుమరంగు బోర్డుల్ని నమ్మాలని ఆరోజు తెలిసింది. చూడదగ్గ ఊళ్లకి, గుళ్లకి దారి చూపించే బోర్డులు ఆ రంగులో ఉంటాయి.

వావాత్సినియా దాటాక పైన్ అడవి మొదలవుతుంది. కిటికీ దించితే గుగ్గిలం వాసన. కియోనియా దగ్గర అటవీశాఖవాళ్లు బల్లలు, కుళాయిలు ఏర్పాటు చేసిన పిక్నిక్ చోటు ఉంది. అక్కడ డబ్బాలు విప్పాం. మేమిద్దరం, మూడు పిల్లులు. పెరుగన్నం పిల్లులకి బాగా నచ్చింది, పులిహోర వాసన చూసి వదిలేశాయి. నిర్ణయించిన చోట తప్ప ఎక్కడా నిప్పు పెట్టకూడదు. 2021 జూలైలో ఇక్కడికి పడమటి వైపున్న అరకపాస్ దగ్గర అంటుకున్న మంట ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించింది. పొలం పనికి వచ్చిన నలుగురు ఈజిప్టు కూలీలు అందులో చిక్కుకుని చనిపోయారు. అమ్మకి చెబితే తింటున్నది ఆపి, "వాళ్లింట్లోవాళ్లకి డబ్బులేమైనా ఇచ్చారా?" అంది. నాకు తెలీదన్నాను.

మహైరాస్ మఠం అక్కడికి దగ్గరే. 12వ శతాబ్దం నాటిది. మహైరి అంటే కత్తి. గుహలో పొదల మాటున దాగిన మేరీమాత పటాన్ని ఇద్దరు సన్యాసులు కత్తితో దారి చేసుకుని వెళ్లి కనుగొన్నారన్నది స్థలపురాణం. 1892లో మఠం కాలిపోయింది. పటం మాత్రం మిగిలింది. గుమ్మం దగ్గర నన్ను ఆపేశారు, జీన్స్‌తో లోపలికి రానివ్వరు. అక్కడ వేలాడదీసిన నడుం గుడ్డ చుట్టుకోవాలి. చీరలో ఉన్న అమ్మ నేరుగా లోపలికి నడిచి వెళ్లి, వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు మర్చిపోలేను. లోపల చీకటి, సాంబ్రాణి, ఫోటోలు తీయకూడదు. కొవ్వొత్తి వెలిగించి దండం పెట్టుకుంది.

బయట ఒక నిలువెత్తు విగ్రహం, పక్కన గద్ద. గ్రిగోరిస్ అఫ్క్సెంతియు. ఇంగ్లీషువాళ్ల మీద పోరాడిన ఎయోకా దళ నాయకుడు. మఠం కిందనున్న రహస్య గుహలో ఉండగా 1957 మార్చి 3న సైన్యం చుట్టుముట్టింది. లొంగిపొమ్మంటే లొంగలేదు. గంటల తరబడి పోరాడాక పెట్రోలు పోసి నిప్పంటించారు. ఇరవై తొమ్మిదేళ్లు. "మన సీతారామరాజు లాగే" అంది అమ్మ. కొండలు, అడవి, అదే తెల్లదొరలు, అంత చిన్న వయసు. ఆ పోలిక నాక్కూడా అప్పటికే వచ్చింది కానీ, మన్యంలో 1924లో ముగిసిన కథ సైప్రస్‌లో 1957లో కూడా నడిచిందని అప్పటిదాకా ఆలోచించలేదు.

ఆఖరి ఊరు ఫికార్దు. లజనియాస్ దాటి దిగితే వస్తుంది. దీన్ని ఊరు అనాలా? ఇళ్లున్నాయి, ఉండేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జనం పట్నాలకి వెళ్లిపోతే ఖాళీ అయిన ఊరిని ప్రభుత్వం పాత పద్ధతిలోనే బాగుచేసి నిలబెట్టింది. ఆ పనికి 1987లో యూరోపా నోస్ట్రా బహుమతి వచ్చింది. రెండు ఇళ్లు మ్యూజియంగా ఉంచారు. నాకు బాగానే ఉంది కానీ, ఎంత బాగుచేసినా మనిషి లేని ఇల్లు సినిమా సెట్టులా ఉంటుంది. అమ్మకి అలా అనిపించినట్టు లేదు. కింద గది రాతి కట్టడం, పై గది పచ్చి ఇటుకలు. గోడ పెచ్చు ఊడినచోట గడ్డిపోచలు కనిపిస్తే గోటితో గీకి "గడ్డి తొక్కి కలిపారు, మనలాగే" అంది. మనిషంత ఎత్తు మట్టి కాగులు వైన్ కోసమట. మగ్గం ముందు కూర్చోవద్దని తాడు కట్టారు కాబట్టి సరిపోయింది.

ఊళ్లో ఉన్న ఒక్క కాఫీ కొట్టులో కూర్చున్నాం. కాఫీ ఆర్డరిచ్చేటప్పుడే చక్కెర సంగతి చెప్పాలి: స్కెతో అంటే చక్కెర లేకుండా, మెత్రియో అంటే మధ్యస్తం, గ్లికో అంటే తియ్యగా. పొడి, చక్కెర, నీళ్లు కలిపే కాస్తారు, తర్వాత కలపడానికి ఉండదు. గ్లికో చెప్పాను. చిన్న కప్పు, పక్కన గ్లాసు మంచినీళ్లు. నేను చెప్పేలోపే అమ్మ చెంచాతో అడుగుదాకా కలిపి గటగటా తాగేసింది. అడుగున మిగలాల్సిన మడ్డంతా నోట్లోకి వెళ్లింది. పక్క బల్ల దగ్గర పాచికలాట ఆడుతున్న ఇద్దరు పెద్దాయనలు ఆట ఆపి, మర్యాదగా వేరే వైపు చూశారు. వాళ్లలో ఒకాయన లేచి ఇంకో గ్లాసు నీళ్లు తెచ్చి పెట్టాడు. పాలు లేవు, డికాషన్ లేదు, బురద తాగించావని ఇంటికొచ్చేదాకా తిట్టింది.

తిరుగు ప్రయాణం నికోసియా మీదుగా. మైదానంలోకి దిగుతుంటే ఎదురుగా ఉత్తరాన పెంతాదాక్తిలోస్ కొండల వరస, దాని వాలు మీద గుట్టంత పెద్ద జెండా బొమ్మ. అదేంటని అమ్మ అడిగింది. 1974లో టర్కీ సైన్యం దిగినప్పట్నుంచీ అటువైపు వేరు, ఇటువైపు వేరు, మధ్యలో ఐక్యరాజ్యసమితి సైనికులు అన్నాను. "ఇంత చిన్న దేశాన్నా?" అని మళ్లీ కళ్లు మూసుకుంది. హైవే ఎక్కాక గురక వినిపించింది.

ఖర్చు చెప్పాలంటే పెట్రోలు, టికెట్లు, కాఫీలు అన్నీ కలిపి యాభై యూరోలు దాటలేదు, లేసు ముక్క కాకుండా. చిన్న కొట్లలో కార్డు తీసుకోలేదు, చిల్లర నోట్లు పెట్టుకుని వెళ్లడం మంచిదైంది. ఇంకోసారి వెళ్తే నేను మూడు ఊళ్లు పెట్టుకోను. లెఫ్కారా, మఠం, చాలు. ఫికార్దు చేరేసరికి నాకు కాళ్లు పీకేసి ఊరు చూసే ఓపిక లేదు.

రాత్రి పిన్ని వీడియో కాల్ చేసింది. పిన్ని ఇప్పటికీ అల్లుతోంది. అమ్మ ఆ ముక్కని కెమెరాకి ఆనించి చూపించింది, ముందు వెనకవైపు, తర్వాత ముందువైపు. "ఎంత?" అంది పిన్ని. "మూడు వేలు." అవతల కాసేపు మాట లేదు. "ఎవరితోనూ అనకు" అని అమ్మ ఫోన్ పక్కన పెట్టి, నా టేబుల్ లైటు కిందకి జరిగి, గుండుసూది మొనతో నార పోగుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అన్నం పెట్టమంటావా అని అడిగితే తల ఎత్తకుండానే గడ్డం పైకి లేపి "త్చ్" అంది. లెక్క ముప్పై ఒకటి దగ్గర ఉంది.